సి.కె.నాయుడు

సి.కె.నాయుడుగా ప్రసిద్ధి చెందిన కొఠారి కనకయ్య నాయుడు (అక్టోబర్ 31, 1895 - నవంబర్ 14, 1967) భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్ట్ కెప్టెన్. 1932లో ఇంగ్లాండు‌లోని లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్ట్ మ్యాచ్‌లో జట్టుకు ఇతడే నాయకత్వం వహించాడు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్‌గా, నెమ్మది బౌలర్‌గా, చురుకైన ఫీల్డర్‌గా పేరు పొందాడు. 1916లో మొదలైన ఇతని ఫస్ట్ క్లాస్ క్రీడాజీవితం 1963 వరకు సాగింది. ఇన్ని దశాబ్దాలపాటు ఆ స్థాయిలో ఆడిన క్రీడాకారులు ప్రపంచ క్రికెట్ చరిత్రలోనే చాలా అరుదు. 1933లో విజ్డెన్ ఉత్తమ క్రికెటర్లలో ఒకడిగా ఎంపికయ్యాడు. 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. ఆ పురస్కారం పొందిన మొదటి క్రికెట్ క్రీడాకారుడు ఇతడే.

ఇంటి పేరును ఆంగ్లంలో సి అక్షరంతో వ్రాసుకోవడం వలన కె.కె.నాయుడు కావలసినవాడు సి.కె.నాయుడు అయ్యాడు. అభిమానులకు, తోటి ఆటగాళ్ళకు మాత్రం ఇతడు సి.కె. మాత్రమే.

కుటుంబం, బాల్యం

నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించాడు. నాగపూర్ అప్పట్లో సెంట్రల్ ప్రావిన్సెస్‌కు ముఖ్యపట్టణం. పూర్వీకులు తెలుగు ప్రాంతం నుండి వలస వెళ్ళి అక్కడ భూములు, పలుకుబడి సంపాదించుకున్నారు. తాత నారాయణస్వామి నాయుడు పేరొందిన న్యాయవాది. 1891లో నాగపూర్‌లో జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ మహాసభకు ఆహ్వాన సంఘం అధ్యక్షుడిగా వ్యవహరించాడు. ఆ సభకు అధ్యక్షత వహించిన పనబాక ఆనందాచార్యులు కూడా తెలుగువాడే కావడం విశేషం. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లాండులో న్యాయశాస్త్రం చదివి వచ్చి న్యాయవాద వృత్తిలో ఉన్నాడు. కేంబ్రిడ్జిలో రంజిత్‌సింహ్‌జీకి ఇతడు సమకాలికుడని చెబుతారు. కుటుంబంలో క్రికెట్ పట్ల ఉన్న ఆసక్తికి అదే మూలమని పలువురి అభిప్రాయం.

సి.కె. చదువు నాగపూర్‌లోనే సాగింది. పాఠశాల రోజులలోనే క్రికెట్‌లో ప్రతిభ చూపి హిస్లాప్ పాఠశాల జట్టుకు నాయకుడయ్యాడు. ఆరడుగులకు పైబడిన ఎత్తు, నిటారుగా నిలిచే దేహం, బలమైన మణికట్లు ఇతనికి ప్రకృతి ఇచ్చిన సంపద. దానికి తోడు శరీర దారుఢ్యం విషయంలో జీవితాంతం కఠిన నియమం పాటించాడు. అరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా తనకంటే నలభై ఏళ్ళు చిన్నవారితో సమానంగా మైదానంలో నిలబడగలిగాడంటే అందుకు కారణం ఈ నియమమే.

ఇతని తమ్ముడు సి.ఎస్.నాయుడు (1914-2002) కూడా భారత జట్టు తరఫున 11 టెస్ట్ మ్యాచ్‌లు ఆడాడు.

హిందూ జట్టులో ప్రవేశం

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో భారతదేశంలో పెద్ద క్రికెట్ అంటే బొంబాయి పోటీలే. యూరోపియన్లు, పార్శీలు, హిందువులు, ముస్లిములు వేర్వేరు జట్లుగా ఏటా తలపడే ఈ పోటీకి క్వాడ్రాంగ్యులర్ అని పేరు. మతాల వారీగా జట్లను విభజించడం ఇప్పటి పాఠకులకు వింతగా తోచవచ్చు గాని, ఆనాటి క్రీడాకారునికి గుర్తింపు రావాలంటే మరో దారి లేదు.

1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల జట్టుపై ఆడిన మ్యాచ్‌తో నాయుడు ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ప్రవేశించాడు. జట్టు 79 పరుగులకు 7 వికెట్లు కోల్పోయి కష్టాలలో ఉన్నప్పుడు తొమ్మిదవ స్థానంలో బ్యాటింగ్‌కు వచ్చాడు. మొదటి మూడు బంతులను అడ్డుకొని నాలుగవ బంతిని సిక్సర్‌గా కొట్టాడు. తరువాతి యాభై ఏళ్ళ ఆటతీరు ఎలా ఉండబోతున్నదో ఆ నాలుగు బంతులలోనే తెలిసిపోయిందని చెప్పవచ్చు.

1923లో ఇండోర్ పాలకుడు మహారాజా తుకోజీరావు హోల్కర్ ఆహ్వానంపై నాయుడు ఇండోర్ చేరి హోల్కర్ సంస్థాన సైన్యంలో కెప్టెన్‌గా నియమితుడయ్యాడు. అనంతర కాలంలో కల్నల్ హోదా పొందాడు. వృత్తి క్రికెట్ లేని ఆ రోజులలో మంచి ఆటగాడికి జీవనోపాధి కల్పించేది సంస్థానాధీశులే. ఇండోర్ ఇతనికి శాశ్వత నివాసమైంది.

1926 - బొంబాయి జింఖానాలో 153

నాయుడు పేరు దేశమంతటా మారుమ్రోగడానికి కారణం ఒకే ఒక ఇన్నింగ్స్. 1926-27 శీతాకాలంలో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు భారతదేశానికి వచ్చింది. అప్పటికి భారతదేశానికి క్రికెట్ బోర్డు లేదు, టెస్ట్ మ్యాచ్‌లు ఆడిన అనుభవం లేదు. ఇంగ్లాండు నుండి వచ్చిన పూర్తి స్థాయి జట్టును భారతీయులు ఎదుర్కోగలరా అన్నది అందరి మనసులలోని సందేహం.

నవంబర్ 30న బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో మ్యాచ్ మొదలైంది. ఎం.సి.సి. 363 పరుగులు చేసింది. ఇందులో గై ఎర్ల్ ఒక్కడే ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేశాడు. మరునాడు, అంటే 1926 డిసెంబర్ 1న నాయుడు క్రీజులోకి వచ్చాడు. 116 నిమిషాలలో 153 పరుగులు చేశాడు. ఇతడు క్రీజులో ఉండగా జట్టు చేసిన మొత్తం పరుగులు 187 మాత్రమే. ఈ ఇన్నింగ్స్‌లో 11 సిక్సర్లు ఉన్నాయి. ఒక ఫస్ట్ క్లాస్ ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు కొట్టడం అప్పటికి ప్రపంచ రికార్డు. బాబ్ వయాట్ బౌలింగ్‌లో కొట్టిన ఒక బంతి జింఖానా భవనం పైకప్పు మీద పడింది. హిందువుల జట్టు 356 పరుగులు చేసింది. మ్యాచ్ ఫలితం తేలకుండా ముగిసింది గాని ఫలితాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. ఆ బొంబాయి జింఖానా ఆ రోజులలో శ్వేతజాతీయుల క్లబ్బు. భారతీయులకు సభ్యత్వం లేదు. మైదానంలో ఆడటానికి రావచ్చు గాని క్లబ్బులో సభ్యులుగా చేరడానికి వీలులేని చోటు అది. బంతి ఆ కప్పు మీద పడినప్పుడు చూడవచ్చిన జనం అంతగా ఎందుకు ఉప్పొంగిపోయారో దీనినిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఎం.సి.సి. వారు ఈ ఇన్నింగ్స్‌కు గుర్తుగా నాయుడికి వెండి బ్యాటును బహూకరించారు.  అదే పర్యటనలో డి.బి.దేవధర్ అఖిల భారత జట్టు తరఫున 148 పరుగులు చేశాడు.

భారతీయులు టెస్ట్ క్రికెట్ ఆడగలరన్న నమ్మకం గిల్లిగన్‌కు ఈ మ్యాచ్‌లతోనే కలిగింది. ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్సులో భారతదేశానికి 1926లోనే చోటు దొరికినా, దేశంలో ఆటను నడిపే సంస్థ లేకపోవడం పెద్ద లోటు. గిల్లిగన్ ప్రోత్సాహంతో పాటియాలా మహారాజు, గ్రాంట్ గోవన్, ఆంథోనీ డిమెల్లో ముందుకు వచ్చి చర్చలు జరిపారు. వాటి ఫలితంగా 1928 డిసెంబర్‌లో భారత క్రికెట్ కంట్రోల్ బోర్డు ఏర్పడింది.

హైదరాబాదుకు కూడా ఈ కాలపు క్రికెట్‌లో ముఖ్య స్థానం ఉంది. పైగా వంశానికి చెందిన నవాబు మొయినుద్దౌలా పేరుతో 1930-31లో సికింద్రాబాదులో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలకు దేశంలోని మేటి ఆటగాళ్ళందరూ వచ్చేవారు. ఇంగ్లాండు దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటివారు కూడా ఇక్కడ ఆడారు. నాయుడు ఈ పోటీలలో పాల్గొన్నాడు.

1932 ఇంగ్లాండు పర్యటన

భారతదేశపు తొలి టెస్ట్ జట్టుకు నాయుడు కెప్టెన్ అని చెప్పుకుంటాం గాని నిజానికి ఇతనిని కెప్టెన్‌గా ఎంపిక చేయలేదు. ఆ కాలంలో భారత జట్టుకు నాయకుడు రాజకుటుంబీకుడై ఉండాలన్నది అలిఖిత నియమం. పోర్‌బందర్ మహారాజును కెప్టెన్‌గా, ఆయన బావమరిది లింబ్డీ ఘనశ్యామ్‌సింహ్‌జీని ఉపనాయకుడిగా నియమించారు. వీరిద్దరి తరువాతి స్థానం విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు (విజ్జీ)కి దక్కింది. అయితే ఆయన పర్యటనకు వెళ్ళలేదు. దేశంలో స్వాతంత్ర్యోద్యమం తీవ్రంగా ఉంది. 1932 జనవరిలో గాంధీజీని నిర్బంధించారు. దానికి నిరసనగా విజయ్ మర్చంట్, ఎల్.పి.జై వంటి ఆటగాళ్ళు పర్యటనకు దూరంగా ఉన్నారు.

పోర్‌బందర్ మహారాజు తన క్రీడాశక్తి ఎంతటిదో తెలిసిన మనిషి. పర్యటన మొత్తంలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో ఆయన చేసినవి రెండే పరుగులు. కొద్ది మ్యాచ్‌ల తరువాత ఆయన తప్పుకొన్నాడు. లింబ్డీ గాయపడ్డాడు. అందువలన లార్డ్స్ టెస్ట్‌కు నాయకత్వం నాయుడిని వరించింది. ఇది కూడా సాఫీగా జరగలేదు. నాయుడు కఠినమైన క్రమశిక్షణ కోరేవాడు, తోటివారితో కలుపుగోలుగా ఉండేవాడు కాదు. తమవంటి సామాన్యుడు ఒకడు తమపై పెత్తనం చేయడం జట్టులో కొందరికి నచ్చలేదు. టెస్ట్ మొదలు కావడానికి ముందు కొందరు ఆటగాళ్ళు నాయుడి క్రింద ఆడబోమని తిరగబడగా మహారాజు కలుగజేసుకొని వారిని లొంగదీశాడు. ఒక మహారాజు మరొక సామాన్యుడి కెప్టెన్సీని నిలబెట్టిన అరుదైన సందర్భం ఇది. పోర్‌బందర్ మహారాజును ఎగతాళి చేసే రచనలు చాలా ఉన్నాయి గాని ఈ మేలును గుర్తు చేసేవి తక్కువ.

1932 జూన్ 25న లార్డ్స్‌లో మ్యాచ్ ప్రారంభమైంది. ఇంగ్లాండు కెప్టెన్ డగ్లస్ జార్డిన్. ఓపెనర్లు పెర్సీ హోమ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లు అంతకు పది రోజుల ముందే యార్క్‌షైర్ తరఫున మొదటి వికెట్‌కు 555 పరుగులు జోడించి ప్రపంచ రికార్డు సృష్టించి ఉన్నారు. మహమ్మద్ నిసార్ వీరిద్దరినీ బౌల్డ్ చేశాడు. సట్‌క్లిఫ్ 3, హోమ్స్ 6. కొద్దిసేపటికి మలయా నుండి వచ్చిన లాల్ సింగ్ మెరుపు ఫీల్డింగ్‌తో ఫ్రాంక్ ఊలీ రనౌట్ అయ్యాడు. ఇంగ్లాండు 19 పరుగులకు 3 వికెట్లు. తొలి టెస్ట్ ఆడుతున్న దేశం నుండి ఇటువంటి ఆరంభాన్ని ఎవరూ ఊహించలేదు. తరువాత జార్డిన్ (79), లెస్ ఏమ్స్ (65) నిలదొక్కుకోవడంతో ఇంగ్లాండు 259 పరుగులు చేసింది. నిసార్ 93 పరుగులకు 5 వికెట్లు తీశాడు.

క్యాచ్ పట్టబోయి నాయుడి చేతికి తీవ్రమైన గాయం తగిలింది. అయినా బ్యాటింగ్‌కు వచ్చి 40 పరుగులు చేశాడు. తొలి ఇన్నింగ్స్‌లో భారత జట్టులో అత్యధిక స్కోరు ఇదే. మంచి స్థితిలో ఉన్న జట్టు చివరి వికెట్లను త్వరత్వరగా కోల్పోయి 189 పరుగులకు ఆలౌట్ అయింది. రెండవ ఇన్నింగ్స్‌ను ఇంగ్లాండు 275 పరుగులకు 8 వికెట్ల వద్ద డిక్లేర్ చేసింది. మళ్ళీ అడ్డు నిలిచింది జార్డినే, 85 నాటౌట్. జహంగీర్ ఖాన్ 4 వికెట్లు పడగొట్టాడు. భారత జట్టు రెండవ ఇన్నింగ్స్‌లో 187 పరుగులకే పరిమితమై 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. చివరలో వచ్చిన అమర్ సింగ్ 51 పరుగులు చేసి టెస్ట్ క్రికెట్‌లో అర్థశతకం సాధించిన మొదటి భారతీయ జట్టు ఆటగాడయ్యాడు. స్కోరు చూస్తే తేలికైన విజయంలా కనిపిస్తుంది గాని రెండు ఇన్నింగ్స్‌లలోనూ జార్డిన్ నిలవకపోతే కథ వేరుగా ఉండేది.

ఆ పర్యటనలో ఆడింది ఈ ఒక్క టెస్ట్ మాత్రమే. భారత జట్టు మొత్తం 26 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఆడి తొమ్మిదింటిలో గెలిచి ఎనిమిదింటిలో ఓడింది. నాయుడు అన్ని ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలోనూ ఆడాడు. 40.45 సగటుతో 1618 పరుగులు చేయడమే గాక 65 వికెట్లు తీశాడు. లార్డ్స్‌లోనే ఎం.సి.సి.పై 118 నాటౌట్ చేశాడు. వార్విక్‌షైర్‌పై ఎడ్జ్‌బాస్టన్‌లో చేసిన 162 పరుగులలో ఒక సిక్సర్ మైదానం పక్కనే పారే రియా నదిని దాటిందని, ఆనాడు ఆ నది రెండు కౌంటీలకు సరిహద్దు కావడంతో నాయుడు బంతిని ఒక కౌంటీ నుండి మరో కౌంటీకి కొట్టాడని చెప్పుకుంటారు.

ఈ ఆటకు గుర్తింపుగా 1933లో విజ్డెన్ ఉత్తమ క్రికెటర్లలో నాయుడికి చోటు దక్కింది. అంతకు ముందు రంజిత్‌సింహ్‌జీ, దులీప్‌సింహ్‌జీ, పటౌడీ నవాబులకు ఈ గౌరవం లభించినా వారు ఇంగ్లాండు కౌంటీలకు ఆడినవారు. భారత జట్టు ఆటగాడిగా దీనిని పొందిన మొదటి వ్యక్తి నాయుడు. లార్డ్స్‌లో తొలి టెస్ట్ ఆడేనాటికి ఇతని వయసు 36 ఏళ్ళు. భారతదేశానికి టెస్ట్ హోదా పదేళ్ళ ముందు దక్కి ఉంటే ఇతని టెస్ట్ గణాంకాలు మరోలా ఉండేవనడంలో సందేహం లేదు.

స్వదేశంలో తొలి టెస్ట్‌లు

1933-34లో జార్డిన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు భారత పర్యటనకు వచ్చింది. ఈసారి నాయుడిని నేరుగానే కెప్టెన్‌గా ఎంపిక చేశారు. మూడు టెస్ట్‌లలోనూ ఇతడే నాయకుడు. భారతగడ్డపై తొలి టెస్ట్ 1933 డిసెంబర్ 15న బొంబాయి జింఖానాలో మొదలైంది. ఏడేళ్ళ క్రితం కప్పు మీదికి బంతిని కొట్టిన మైదానమే ఇది. మొదటి ఇన్నింగ్స్‌లో 219 పరుగులు వెనుకబడిన భారత జట్టు రెండవ ఇన్నింగ్స్‌లో ఆరంభంలోనే వికెట్లు పోగొట్టుకున్నది. అప్పుడు లాలా అమర్‌నాథ్, నాయుడు కలిసి మూడవ వికెట్‌కు 186 పరుగులు జోడించారు. అమర్‌నాథ్ 118 పరుగులు చేసి టెస్ట్‌లలో శతకం సాధించిన తొలి భారత జట్టు ఆటగాడయ్యాడు. నాయుడు చేసినవి 67. ప్రేక్షకులు అమర్‌నాథ్‌ను పూలమాలలతో ముంచెత్తారు. అయినా ఇంగ్లాండు 9 వికెట్లతో గెలిచింది. తమ్ముడు సి.ఎస్.నాయుడు మొదటి టెస్ట్ ఆడిన కలకత్తా మ్యాచ్ డ్రాగా ముగిసింది. మద్రాసులో అమర్ సింగ్ 86 పరుగులకు 7 వికెట్లు తీసినా భారత జట్టు 202 పరుగుల తేడాతో ఓడింది.

నాయుడు కెప్టెన్‌గా వ్యవహరించిన టెస్ట్‌లు ఈ నాలుగే. మూడు ఓటములు, ఒక డ్రా.

1936 పర్యటన, విజ్జీతో విభేదాలు

1936 ఇంగ్లాండు పర్యటనకు కెప్టెన్ ఎంపిక భారత క్రికెట్ చరిత్రలో ఒక అపఖ్యాతి పొందిన అధ్యాయం. ఆటను బట్టి చూస్తే నాయుడికి సాటి వచ్చేవారు లేరు. కాని ఎంపిక ఆటను బట్టి జరగలేదు. విజయనగరం రాజకుమారుడైన విజ్జీ ధనం, పలుకుబడి ఉపయోగించి కెప్టెన్ పదవి సంపాదించాడు. విజ్జీ క్రికెట్‌కు చేసిన సేవ తక్కువేమీ కాదు. హాబ్స్, సట్‌క్లిఫ్‌లను సొంత ఖర్చుతో భారతదేశానికి రప్పించింది ఆయనే. అయితే మూడు టెస్ట్‌లలో ఆరు ఇన్నింగ్స్‌లు ఆడి 33 పరుగులు చేసిన వ్యక్తి నాయుడిపై కెప్టెన్ కావడాన్ని సమర్థించడం ఎవరికైనా కష్టమే.

తెలుగు పాఠకులకు ఇందులో మరో ఆసక్తికరమైన అంశం ఉంది. ఆ జట్టులో తెలుగు మూలాలు ఉన్నవారు నలుగురు: విజ్జీ, నాయుడు సోదరులు ఇద్దరు, మద్రాసు క్రికెట్ పితామహుడిగా పేరొందిన బుచ్చిబాబు నాయుడి కుమారుడు కోటా రామస్వామి. టెన్నిస్‌లో డేవిస్ కప్ కూడా ఆడిన రామస్వామి తన 40వ ఏట మాంచెస్టర్‌లో తొలి టెస్ట్ ఆడి 40, 60 పరుగులు చేశాడు.

జట్టు విజ్జీ వర్గం, నాయుడు వర్గం అని రెండుగా చీలిపోయింది. బాగా ఆడుతున్న అమర్‌నాథ్‌ను తొలి టెస్ట్‌కు ముందే క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. నాయుడిని అందరి ముందు అవమానించినందుకు ఒక ఆటగాడికి టెస్ట్‌లో చోటు దక్కిందనే కథ కూడా ప్రచారంలో ఉంది. పర్యటన ముగిశాక బోర్డు నియమించిన బోమాంట్ కమిటీ విజ్జీ నాయకత్వాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఈ వ్యవహారంలో నాయుడు కూడా పూర్తిగా నిర్దోషి అనలేము. తనకు దక్కవలసిన పదవి మరొకరికి పోయినప్పుడు ఇతడు ఎడముఖంగా ఉండిపోయాడని, జట్టును కలుపుకొనిపోయే ప్రయత్నం చేయలేదని విమర్శ ఉంది.

తొలి టెస్ట్‌లో ఓటమి, మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముష్తాక్ అలీల 203 పరుగుల తొలి వికెట్ భాగస్వామ్యంతో డ్రా తరువాత జట్టు ఓవల్ చేరింది. అక్కడ ఇంగ్లాండు హామండ్ ద్విశతకంతో 471 పరుగులకు 8 వికెట్ల వద్ద డిక్లేర్ చేసింది. 222 పరుగులకే ఆలౌటైన భారత జట్టు ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. రెండవ ఇన్నింగ్స్‌లో గబ్బీ ఆలెన్ వేసిన వేగమైన బంతి నాయుడికి ఛాతీ దిగువన బలంగా తగిలింది. నొప్పితో విలవిలలాడినా క్రీజు వదలక 81 పరుగులు చేశాడు. జట్టు 312 పరుగులు చేసి ఇన్నింగ్స్ ఓటమిని తప్పించుకొని 9 వికెట్లతో ఓడింది. టెస్ట్‌లలో నాయుడి అత్యధిక స్కోరు ఈ 81. ఇదే ఇతని చివరి టెస్ట్ కూడా. తరువాత ప్రపంచ యుద్ధం వచ్చింది. భారత జట్టు మళ్ళీ టెస్ట్ ఆడేనాటికి, అనగా 1946కు, ఇతనికి యాభై ఏళ్ళు నిండాయి.

హోల్కర్ జట్టు

టెస్ట్ జీవితం ముగిసినా నాయుడి ఆట ముగియలేదు. ఒక విధంగా చూస్తే ఇతని నాయకత్వ ప్రతిభ పూర్తిగా వెలుగు చూసింది ఆ తరువాతనే. 1934లో ప్రారంభమైన రంజీ ట్రోఫీలో మొదట సెంట్రల్ ఇండియా జట్టుకు, 1941 నుండి హోల్కర్ జట్టుకు ఆడాడు. ఇండోర్ కుర్రవాడైన ముష్తాక్ అలీని చిన్నతనంలోనే గుర్తించి తీర్చిదిద్దినది నాయుడే. చందు సర్వతే, బి.బి.నింబాల్కర్, ఎం.ఎం.జగ్దాలే, హీరాలాల్ గైక్వాడ్, సి.ఎస్.నాయుడు వంటివారితో హోల్కర్ జట్టు దేశంలో బొంబాయికి సమవుజ్జీగా నిలిచింది. 1944-45 నుండి 1952-53 వరకు తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు ఫైనల్ చేరి 1945-46, 1947-48, 1950-51, 1952-53లలో ట్రోఫీ గెలుచుకున్నది. చివరిసారి గెలిచేనాటికి కెప్టెన్ నాయుడి వయసు 57 ఏళ్ళు.

1944-45 ఫైనల్ ఇప్పటికీ చెప్పుకోదగినది. బొంబాయిపై జరిగిన ఆ మ్యాచ్‌లో రెండు జట్లు కలిసి 2078 పరుగులు చేశాయి. యుద్ధకాలంలో మౌలో సైనికుడిగా పనిచేస్తున్న ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరఫున 249 నాటౌట్ చేశాడు. సి.ఎస్.నాయుడు ఒక్కడే మ్యాచ్ మొత్తంలో 152.5 ఓవర్లు బౌలింగ్ చేశాడు. తమ్ముడని కూడా కనికరించని కెప్టెన్ అని సరదాగా అనుకోవచ్చు. హోల్కర్ ఓడిపోయింది గాని మరుసటి ఏడాదే మొదటిసారి విజేత అయింది. ఆ సీజన్ సెమీఫైనల్లో మైసూరుపై 8 వికెట్లకు 912 పరుగులు చేసినప్పుడు ఆరుగురు శతకాలు సాధించారు. వారిలో 101 పరుగులు చేసిన నాయుడు ఒకడు. బరోడాపై ఫైనల్లో 200 పరుగులు చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఇతని ఏకైక ద్విశతకం యాభై ఏళ్ళు నిండిన తరువాత వచ్చింది.

1951-52లో బొంబాయిపై ఆడుతుండగా దత్తూ ఫాడ్కర్ వేసిన బంతి ముఖానికి తగిలి రెండు పళ్ళు ఊడిపోయాయని, నాయుడు వాటిని పిచ్ మీదినుండి బ్యాటుతో పక్కకు తోసి, చికిత్సకు వెళ్ళకుండా, వేగం తగ్గించవద్దని ఫాడ్కర్‌కే చెప్పి ఆట కొనసాగించాడని తోటి ఆటగాళ్ళ కథనం. అప్పటికి ఇతనికి 56 ఏళ్ళు. హెల్మెట్లు లేని కాలం అది.

ఆంధ్ర జట్టు, చివరి మ్యాచ్‌లు

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే సీజన్‌లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో మొదటిసారి ప్రవేశించింది. కొత్త జట్టుకు అనుభవం లేదు, పేరున్న ఆటగాళ్ళు లేరు. ఆ జట్టుకు నాయకత్వం వహించడానికి 58 ఏళ్ళ వయసులో నాయుడు వచ్చాడు. జీవితమంతా నాగపూర్, ఇండోర్‌లలో గడిపిన ఇతనికి తెలుగు నేలతో క్రీడాపరంగా ఏర్పడిన ప్రత్యక్ష బంధం ఇదే. అంతకు కొద్ది నెలల ముందే హోల్కర్‌కు ట్రోఫీ గెలిపించిన కెప్టెన్ గెలుపు ఆశ పెద్దగా లేని జట్టుతో కలిసి ఆడటానికి ఒప్పుకోవడం గమనించదగినది.

1956-57లో ఉత్తర ప్రదేశ్ జట్టుకు కెప్టెన్‌గా ఆడాడు. ఉత్తర ప్రదేశ్ క్రికెట్ వ్యవహారాలలో అప్పుడు విజ్జీదే పైచేయి. ఇరవై ఏళ్ళ క్రితపు వైరం అప్పటికి సమసిపోయినట్లే అనుకోవాలి. ఆ సీజన్‌లో రాజస్థాన్‌పై 84 పరుగులు చేస్తూ వినూ మన్కడ్ బౌలింగ్‌లో సిక్సర్లు కొట్టాడు. 61 ఏళ్ళ వయసులో రంజీ ట్రోఫీ నుండి విరమించాడు. 1963లో నాగపూర్‌లో జాతీయ రక్షణ నిధి కొరకు మహారాష్ట్ర గవర్నర్, ముఖ్యమంత్రి జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లో 68 ఏళ్ళ వయసులో చివరిసారిగా ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడాడు. పుట్టిన ఊరిలోనే ఆట ముగిసింది.

గణాంకాలు

నాయుడు 7 టెస్ట్‌లలో 25.00 సగటుతో 350 పరుగులు చేసి 9 వికెట్లు తీశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 207 మ్యాచ్‌లు ఆడి 35.94 సగటుతో 11825 పరుగులు చేశాడు. ఇందులో 26 శతకాలు ఉన్నాయి. బౌలింగ్‌లో 411 వికెట్లు పడగొట్టాడు. టెస్ట్ గణాంకాలు మాత్రమే చూసినవారికి ఇతని ఖ్యాతి అర్థం కాదు.

ఇతర విషయాలు

జాతీయ ఎంపిక సంఘానికి అధ్యక్షుడిగా, క్రికెట్ బోర్డు ఉపాధ్యక్షుడిగా నాయుడు పనిచేశాడు. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించాడు. ఒక వ్యాపార వస్తువుకు ప్రచారం చేసిన మొదటి భారతీయ క్రికెటర్ ఇతడేనని చెబుతారు.

కుమార్తె చంద్ర నాయుడు ఆంగ్ల అధ్యాపకురాలిగా ఇండోర్‌లో పనిచేసింది. భారతదేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చేసిన తొలి మహిళగా ఆమె పేరు పొందింది. తండ్రి శతజయంతి సంవత్సరమైన 1995లో ఆయన జీవితచరిత్రను ఆంగ్లంలో ప్రచురించింది. 2021లో మరణించింది.

నాయుడు 1967 నవంబర్ 14న ఇండోర్‌లో మరణించాడు.

స్మారకాలు

భారత క్రికెట్ బోర్డు 1973-74 నుండి యువ క్రీడాకారులకు సి.కె.నాయుడు ట్రోఫీ పేరుతో పోటీలు నిర్వహిస్తున్నది. 1994లో సి.కె.నాయుడు జీవిత సాఫల్య పురస్కారాన్ని నెలకొల్పింది. మాజీ క్రీడాకారులకు బోర్డు ఇచ్చే అత్యున్నత గౌరవం ఇది. తొలి పురస్కారాన్ని 1933లో బొంబాయి టెస్ట్‌లో నాయుడితో కలిసి 186 పరుగులు జోడించిన లాలా అమర్‌నాథ్ అందుకున్నాడు. 1996లో భారత తపాలా శాఖ దేవధర్, మర్చంట్, మన్కడ్‌లతో పాటు నాయుడి చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. విశాఖపట్నంలోని ఆంధ్ర క్రికెట్ సంఘం స్టేడియంలో ఇతని విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.